మార్తమ్మ పేరుకు చోటు లేదట

చిన్నతనంలో మాకు సమాధుల పండుగ అంటే సున్నానికి చేతులు మండిపోయే రోజు...

పెన్‌పహాడ్ దిక్కున మా పల్లె. ఊరికి దూరంగా మొరం గడ్డ మీద మా క్రైస్తవుల సమాధుల తోట. పొద్దున్నే ఆడవాళ్లు కుండల్లో సున్నం కలిపేవారు. మేము ఈత మట్టలను రాయితో నలగ్గొట్టి కుంచెలు చేసుకుని, దిబ్బల చుట్టూ పేర్చిన రాళ్లకు పూసేవాళ్లం. అన్నీ మట్టి దిబ్బలే... ఒక్కదాని మీదా రాత లేదు. రాసుకునే చదువు మాలో ఎవరికుంది?

అందుకే మాకొక పద్ధతి ఉండేది. సున్నం పని అయ్యాక, గుడిలో ప్రార్థన చేయించే ఉపదేశి తాత ఒక్కో దిబ్బ దగ్గర ఆగి, లోపలున్న మనిషిని పని పేరుతో కలిపి గట్టిగా పిలిచేవాడు. "మోట కొట్టిన యాకోబు!" అంటే ఆ ఇంటివాళ్లు "మా మనిషే" అని పలకాలి. యాకోబు భార్య మాత్రం ఏటా పలికాక, "బతికున్నప్పుడు పిలిస్తే ఒక్కనాడన్న పలికిండా ముసలోడు" అని గొణిగేది. సమాధుల మధ్యే పడీ పడీ నవ్వేవాళ్లం...

మార్తమ్మ మా మంత్రసాని. మా వాడలోనే కాదు, ఊళ్లోనూ, దొర ఉండే గడిలోనూ పుట్టిన ప్రతి బిడ్డా ఆమె చేతుల్లోనే పడింది. ఆమెకు మాత్రం పిల్లల్లేరు. బాప్తిస్మం తీసుకుని మార్తమ్మ అయి ఎన్నో ఏళ్లయినా గడిలో మాత్రం పాత పేరే... లచ్చి! మార్తమ్మ అంటే వాళ్ల నాలుక అరిగిపోతుందా? కాన్పుకు దొడ్డిదారిన రానిచ్చేవారు. బిడ్డను చేతిలో పెట్టి ఆమె అటు వెళ్లగానే, ఇటు ఆమె కూర్చున్న చోట పేడనీళ్లు చల్లేవారు. ఇప్పుడు తలుచుకున్నా నాకు ఒళ్లు మండుతుంది.

నాకు ఎనిమిదేళ్లప్పుడు... వానాకాలం. మార్తమ్మ జ్వరంతో మా ఇంటి అరుగు మీద పడుకుని ఉంది. గడి నుంచి మనిషి వచ్చాడు.

"జరమొచ్చి పడ్డదయ్యా, లేవస్తలేదు," అంది మా అమ్మ.

"దొరసాని నొప్పులు పడుతుంటే జరమంటవేందే? లెవ్వు లచ్చీ!"

వెట్టి రోజులు... రానని అనే వీలెక్కడిది? మార్తమ్మ గోడ పట్టుకుని లేచింది. "నా జరం తగ్గెదాంక బిడ్డ ఆగుతదా?" అంటూ వానలో నడిచింది. గడిలో కొడుకు పుట్టాడు. పశువుల కొట్టంలోనైనా కాసేపు పడుకోనివ్వకుండా, తల మీద కప్పుకోవడానికి ఒక గోనెపట్టా అయినా ఇవ్వకుండా, అదే వానలో వెనక్కి పంపారు. వారం తిరక్కుండానే పోయింది.

అంతటితో అయిందా? గడిలో పురుడు ఉందట... శవం గడి ముందు నుంచి పోకూడదట! ఆ బిడ్డను లోకంలోకి తెచ్చిన మనిషి శవం, ఆ బిడ్డ ఇంటి ముందు నుంచి పోకూడదట! జొన్న చేలల్లో మోకాలి లోతు బురదలో మోసుకుపోయారు. మోసినవాళ్లలో మా నాన్న ఒకడు. రెండుసార్లు జారి పడ్డాడు. ఆ రోజు ఇంటికొచ్చి మా నాన్న అన్నం ముట్టలేదు.

ఆ తర్వాతి పండుగకు ఉపదేశి తాత కొత్త దిబ్బ దగ్గర ఆగి, "బొడ్డు కోసిన మార్తమ్మ!" అని పిలిచాడు. ఎవరూ పలకలేదు. పలకడానికి ఆమెకు ఎవరున్నారు? మా అమ్మ నా వీపు మీద ఒక్కటి చరిచింది.

"పలుకవేందే? నిన్ను భూమ్మీదికి తెచ్చిందెవరు?"

"మా మనిషే," అన్నాను. నా పక్కనున్న పిల్లలూ అన్నారు. తర్వాత పెద్దవాళ్లూ అన్నారు. ఒక్క దిబ్బకు తోటంతా పలకడం నేను చూసింది ఆ ఒక్కసారే...

దొర పట్నం పోయాడు, గడి కూలింది. ఉపదేశి తాతా పోయాడు, ఆయనతో పిలుపులూ పోయాయి. సిమెంటు సమాధులు వచ్చాయి.

ఇప్పుడు సంగతి వినండి. తోట గేటు దగ్గర పెద్ద నల్లరాతి బండ పెడుతున్నారు... అక్కడ నిద్రిస్తున్నవారి పేర్లతో. మొన్న ఆదివారం జాబితా చదివారు. పాస్టర్లున్నారు, టీచర్లున్నారు, సిమెంటు సమాధి ఉన్నవాళ్లందరూ ఉన్నారు. మట్టి దిబ్బలన్నిటికీ కలిపి చివర ఒక్క మాట... "మరికొందరు".

మార్తమ్మ పేరేదని లేచి అడిగాను. కమిటీ సెక్రటరీ కోదాడ నుంచి మా ఊరికి అల్లుడిగా వచ్చిన అబ్బాయి. మర్యాదకేం లోటు లేదు.

"రికార్డులో లేదండి అమ్మమ్మగారూ. ఏదైనా ఆధారం ఉంటే ఇవ్వండి, చూద్దాం."

"నేనే ఆధారం. నా బొడ్డు కోసింది ఆమె. మీ మామ బొడ్డు కోసింది గూడ ఆమెనే. ఇంకేం గావాలె నీకు?"

"చోటు లేదండి... కింద దాతల పేర్లు రావాలి."

చోటు లేదట! బతికున్నవాళ్ల పేర్లకు చోటుంది, చచ్చిపోయినవాళ్ల పేర్లకు లేదు... సమాధుల తోటలో! దొరల నోటికి ఆమె పేరు రాలేదంటే, వాళ్లు దొరలు. మనకేం రోగం?

ఇది నేను చెబుతుంటే మా మనవరాలు టైపు చేస్తోంది. తిట్లు తీసేస్తానంటే వద్దన్నాను. నా కొడుకుకు చెప్పేశాను... "నన్ను మార్తమ్మ పక్కన, మట్టిలనే పెట్టుండ్రి. ఆ బండ మీద ఆమె పేరు లేకుంట నా పేరు ఎక్కిచ్చిండ్రో, జాగ్రత్త!"

దవాఖానలో పుట్టే రోజులివి, మంత్రసాని ఎవరికి గుర్తు? అయినా అడుగుతున్నాను... మీ నాయనమ్మ బొడ్డు కోసిన ఆమె పేరేమిటి? తెలిస్తే కింద రాయండి. తెలియకపోతే ఫోన్ పక్కన పెట్టి, ఇంట్లో పెద్దవాళ్లను అడిగి వచ్చి రాయండి. "ఎవరో ఒక ముసలామె" అని మాత్రం రాయకండి.