ఆదివారం సున్నా

ఆ రోజుల్లో నాకు అంకెలంటే వల్లమాలిన భక్తి. మనిషి అబద్ధమాడొచ్చు గానీ అంకె ఆడదని నమ్మేదాన్ని. (అంకెను కాగితం మీద పెట్టేది కూడా మనిషేనన్న సంగతి కాస్త ఆలస్యంగా తెలిసింది.) రెండువేల సంవత్సరం దాటిన కొత్తల్లో, వ్యాయామ విద్యలో శిక్షణ ముగించుకుని, ముంచింగిపుట్టు దారిలో ఉన్న ఒక ఆడపిల్లల ఆశ్రమ పాఠశాలకు పీఈటీగా వెళ్ళాను. అప్పటికి నాకు ఇరవైమూడేళ్ళు. పెట్టెలో నాలుగు జతల బట్టలు, ఒక విజిలు, కాలేజీలో సీనియరక్కని బతిమాలి తెచ్చుకున్న గుండె వాచీ. ఛాతీకి పటకా కట్టుకుంటే గుండె నిమిషానికి ఎన్నిసార్లు కొట్టుకుంటోందో చేతి వాచీలో కనిపిస్తుంది. హద్దు దాటితే కీచుమని అరుస్తుంది. అరకులో రైలు దిగి బస్సెక్కేసరికే, నేను కొండల్లో పిల్లల్ని ఉద్ధరించడానికి పుట్టినదాన్నని నాకు గట్టి నమ్మకం కుదిరిపోయింది.

నా పద్ధతి చెబుతాను, నవ్వకండి. పరుగెత్తిన నిమిషాల్ని గుండె లెక్కతో గుణిస్తే ఆ పిల్ల ఆ రోజు మోసిన భారం తేలుతుంది. ఏడు రోజులవీ కూడితే వారం భారం. అది మెల్లమెల్లగా పెరగాలి, మధ్యలో విశ్రాంతి ఉండాలి. దీనికోసం అట్ట వేసిన పెద్ద రిజిస్టరు పెట్టి, ఎర్రసిరాతో గీతలు కొట్టి, ఆదివారం గడుల్లో అందరికీ ముందే సున్నాలు చుట్టేసేదాన్ని, ఆ రోజు సెలవు కాబట్టి. పిల్లలు పన్నెండుమంది, పటకా ఒక్కటే. వంతులవారీగా కట్టేదాన్ని. కట్టేముందు దాన్ని తడపాలి. శీతాకాలం, తెల్లవారుజాము, ఆ కొండల్లో చన్నీళ్ళు! "బాబోయ్, సల్లగుంది టీసరూ! గుండె ఆగిపోతే ఇంకేటి లెక్కెడతారు?" అని అరిచేది బుడ్డి.

పొట్టిగా ఉంటుందని ఆ పిల్లని అందరూ బుడ్డి అనేవాళ్ళు. పదో తరగతి. తండ్రి లేడు, తల్లి ఒక్కతే కొండమీద కాఫీ తోట చూసుకుంటోంది. ఆ ఏడు విశాఖలో ఒక క్రీడా హాస్టలుకు పరుగు పోటీ పెట్టి పిల్లల్ని ఎంపిక చేస్తున్నారు. మా బడి నుంచి ఇద్దరిని పంపమన్నారు. సీటొస్తే ఇంటరు దాకా అక్కడే ఉండి చదువుకోవచ్చు. "సీటు రాపోతే మాయమ్మ పెళ్ళి సేసేత్తాది టీసరూ" అని బుడ్డి మొదటివారమే నాతో చెప్పేసింది. ఆ మాట నవ్వుతూనే అంది గానీ, మిగతా పిల్లలకంటే ముందు లేచి మైదానంలో నిలబడేది మాత్రం అదే.

చిక్కేమిటంటే, శుక్రవారం గాలిలా పరుగెత్తే పిల్ల సోమవారం ఈడ్చుకుంటూ వచ్చేది. పొద్దున్నే, ఇంకా మంచం దిగకముందే, గుండె లెక్క మామూలుకంటే పది పన్నెండు ఎక్కువుండేది. అలా ఉంటే ఒళ్ళు ఇంకా అలసట తీర్చుకోలేదని అర్థమని కాలేజీలో నేర్పారు. పరీక్షలో ఆ ప్రశ్నకి పూర్తి మార్కులు తెచ్చుకున్నదాన్ని కూడా. కానీ ఆదివారం సున్నా కదా! సున్నా నుంచి అలసట ఎలా వస్తుంది? శనివారం మధ్యాహ్నం ఇంటికెళ్ళి, ఆదివారమంతా తిని పడుకుని రాత్రికి బడికి వస్తోందని తేల్చేశాను. పైగా బాగా విశ్రాంతి తీసుకుని వస్తారు గదాని వారంలోకెల్లా గట్టి పరుగు సోమవారమే పెట్టేదాన్ని. మూడు సోమవారాలు చూసి, ఎర్రసిరాతో 'బద్ధకం' అని రాసి, విశాఖ పంపే జాబితాలోంచి దాని పేరు తీసేశాను.

"నానేటి సేసేను టీసరూ?" అని బుడ్డి కళ్ళనీళ్ళు పెట్టుకుంది.

"ఏమీ చెయ్యకపోవడమే నీ తప్పు" అన్నాను. అబ్బ, ఎంత బాగా చెప్పానని ఆ పూటంతా మురిసిపోయాను.

అంతటితో ఊరుకోవచ్చుగా? ఆ ఆదివారం తల్లికి కూడా నాలుగు మాటలు చెప్పొద్దామని కొండెక్కాను. ఎలాగూ ఎక్కుతున్నాను గదా, నా భారమూ తెలుస్తుందని పటకా కట్టుకున్నాను. సగం దారిలో వాచీ కీచుమనడం మొదలుపెట్టింది, ఎంతకీ మానదు. చూస్తే నూట తొంభై! నెత్తిన కట్టెలమోపుతో ఒక ముసలమ్మ నన్ను దాటి వెళుతూ ఆగి, "ఏటి గుంటా, అలా ఒగురుత్తన్నావు? కాసేపు కూకో, బేగెల్లి సేసేదేటుంది" అని, ఆవిడ మాత్రం కూర్చోకుండా వెళ్ళిపోయింది.

నేను పడుతూ లేస్తూ పైకి చేరేసరికి బుడ్డి నెత్తిన కాఫీపళ్ళ బుట్టతో కిందికి దిగుతోంది. తెల్లవారకముందు లేచి ఊట నుంచి నీళ్ళు మోసిందట. ఆ తర్వాత పళ్ళు కోయడం, బుట్ట నిండగానే కింద రోడ్డు దాకా దించడం, మళ్ళీ ఎక్కడం. అది నాలుగో బుట్ట. తల్లి నాకు పీట వేసి, "దానికేటి టీసరమ్మా, ఆదోరం కాళీగానే ఉంటాది" అంది.

"మరి ఆ బుట్ట?" అన్నాను.

"ఇదీ పనేటి? పళ్ళు దించడవే గదా. వారవంతా మీరే పరుగులెట్టించి సంపేత్తన్నారు, పాపం గుంటని" అని ఆవిడ నన్నే చీవాట్లు పెట్టింది.

పటకా విప్పి బుడ్డికి కట్టాను. దిగేటప్పుడు వెంట దిగాను. ఎక్కేటప్పుడు కింద కూర్చున్నాను. (పరిశోధనకైనా ఒక హద్దుండాలి.) సాయంత్రం గుణించి కూడితే, ఆ ఒక్క ఆదివారం నా ఆరు రోజుల శిక్షణ మొత్తాన్నీ మింగేసి ఇంకా మిగిలింది. అక్కడ నేను వారాల తరబడి గుండ్రంగా సున్నాలు చుట్టాను. ఆ పిల్ల గుండె ప్రతి సోమవారం పొద్దున్నే మొత్తుకుంటుంటే, దానికి బద్ధకమని పేరుపెట్టాను. సిగ్గుతో చచ్చిపోయాననుకోండి.

సోమవారం పరుగెత్తుకుంటూ పెద్ద టీచరుగారి దగ్గరికెళ్ళాను. "జాబితా శనివారమే పంపేశానమ్మా, అర్జెంటని నువ్వే కదా నా ప్రాణం తీశావు" అన్నారావిడ. ఇక చేసేదేముంది? వారమంతా బుడ్డిని మైదానంలోకి రానివ్వలేదు. వచ్చే ఆదివారం బుట్ట మోయించొద్దని తల్లికి కబురు పెట్టాను. ఆ పై మంగళవారం, జాబితాలో ఉన్న ఇద్దరితోపాటు దాన్నీ బస్సెక్కించి, రిజిస్టరు చంకన పెట్టుకుని విశాఖ వెళ్ళాను.

అక్కడ ఎంపిక చేసే కోచ్ ఒక పెద్దాయన, నెత్తిన మాసిన టోపీ. చేతికి మామూలు వాచీ కూడా లేదు. మూడో పిల్ల ఎందుకొచ్చిందని అడిగితే, నా లెక్కలన్నీ ముందు పరిచాను. ఆయన పేజీలు తిప్పి, అర నిమిషం చూసి, "ఈ పిల్ల సోమవారాలే కుంటుతోంది. ఆదివారం ఏం చేస్తుందమ్మా?" అన్నారు.

అంతే. ఆ ఒక్క మాట అడగడానికి నాకు ఒక వాచీ, ఒక రిజిస్టరు, ఒక కొండ కావలసి వచ్చాయి. ఉన్నదంతా చెప్పాను.

"మరి బద్ధకమని రాసిందెవరు?"

బుడ్డి నా పక్కనే నిలబడి ఉంది. ఎర్రసిరా కదా, దూరం నుంచైనా బాగా కనిపిస్తుంది. అది వంగి చదివి, నా మొహం చూసి, నేలచూపులు చూసింది. "నేనేనండీ, తప్పయిపోయింది" అన్నాను. ఆయనతో కాదు, దానితో.

"సరే, పరుగెత్తనీ" అన్నారాయన.

మూడువేల మీటర్ల పరుగు. నా లెక్క ప్రకారం ఎంపికైన ఇద్దరిలో ఆరో స్థానంలో ఒకరు, పదకొండో స్థానంలో ఒకరు వచ్చారు. బుడ్డి రెండోది. దానికి సీటొచ్చింది. ముగింపు గీత దగ్గర ఒకరినొకరం పట్టుకుని ఇద్దరం ఏడ్చాం. పెద్దాయన దరఖాస్తు తీసి, "నీకింత దమ్ము ఎవరు నేర్పారే?" అని అడిగితే, అది ఆయాసపడుతూనే, క్షణం తడుముకోకుండా, "మా టీసరు" అంది.

ఈ వయసులో ఆ పడుచు టీచరమ్మ తలపుకొస్తే నవ్వొస్తుంది, కాస్త జాలి కూడా వేస్తుంది. కాదని చెప్పడానికి నేను నోరు తెరిచిన మాట నిజం. కానీ శిక్షణ ఇచ్చినవారి పేరు రాయమని ఆయన కాగితం నావైపు జరపగానే, గుండ్రటి అక్షరాలతో నా పేరే రాసి సంతకం పెట్టాను, పక్కన డిగ్రీతో సహా.