అక్క బ్యాటరీ కారు మొరాయించిన పొద్దు

చిన్నప్పుడే పోలియో వచ్చి మా అక్కకు ఎడమ కాలు చచ్చుబడింది. సోమందేపల్లె దగ్గర బడిలో పంతులమ్మ ఉద్యోగం వచ్చాక కూడా రోజూ నాయనే బండి మీద దింపి రావలసి వచ్చేది. అట్లాంటిది, బెంగళూరులో ఎవరో వాడి వదిలేసిన బుల్లి బ్యాటరీ కారును లారీలో వేయించుకుని తెచ్చుకుంది. క్లచ్చు లేదు, గేర్ల గొడవ లేదు, కుడికాలు ఒక్కటి బాగుంటే చాలు. కరెంటు ఉన్నప్పుడు ప్లగ్గు పెట్టుకోవడమే పని. మా ఊరివాళ్ళకు మాత్రం అది నవ్వులాట. "పొగ లేదు, సద్దు లేదు, ఇదేం కారమ్మా?" అనేవాళ్ళు. నాకు ఒళ్ళు మండేది. అక్క వాళ్ళతో కలిసి తనూ నవ్వేది.

దసరా మర్నాడు హిందూపురంలో ఆమెకు లైసెన్సు పరీక్ష. ఆ కారులోనే పోయి నడిపి చూపించాలి. నాయన ముందే తేల్చి చెప్పేశాడు: "ఆపొద్దు గిన ఇది మొరాయించిందా, మళ్ళా బెంగళూరికే తోలిచ్చేస్తా. నడిదావలో నిల్చిపోతే నీకెవురు దిక్కు?" అక్క సరేనంది. అని ఒప్పుకుందే గానీ, ముందు రోజంతా ఆమెకు అన్నం సయించలేదు.

పొద్దున్నే ఇస్త్రీ చీర కట్టుకుని సీట్లో కూర్చుని తాళంచెవి తిప్పింది. కారు కదల్లేదు. మళ్ళీ తిప్పింది. ఊహూ.

ఇంకేముంది, పాలు పోసి వస్తున్న మగవాళ్ళంతా చుట్టూ చేరారు. "తోయండప్పా, తోస్తే అదే లేస్తాది!" అని ఒకాయన కేకేశాడు. "ఇంజనే లేని బండిని తోస్తే ఏం లేస్తాదప్పా, నీ మొగం!" అన్నాను. "దిష్టి తగిలిండాది, ఎండుమిరపకాయలు తిప్పండి" అంది పక్కింటి అవ్వ. నాయన గడపలో నిలబడి టవలు భుజం మార్చుకుంటున్నాడు.

"రోంతసేపు అందరూ గమ్మునుండండి" అంది అక్క. చార్జింగ్ ముల్లు చూసింది, నిండుగా ఉంది. హ్యాండ్ బ్రేకు దించే ఉంది. తాళంచెవి తీసి, మళ్ళీ పెట్టి, ఈసారి కారు కదులుతుందా లేదా అని కాకుండా స్టీరింగు వెనక వెలిగే చిన్న దీపాలనే చూస్తూ తిప్పింది. అంతమంది నెత్తిన నిలబడి తలో మాటా అంటుంటే ఆమెకు అంత నిదానం ఎక్కడిదో నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే. నేనైతే ఆ తాళంచెవి ఎవరి మొహానో విసిరికొట్టి ఉండేదాన్ని.

"ఏమే, ఈ ప్లగ్గు బొమ్మ దీపం వెలుగుతాంది చూడు. వైరు పెట్టినప్పుడు కదా ఇది వెలగాల? వైరు మొన్ననే పీకినాం."

"అయితే ఏమిప్పుడు?"

"నేనింకా తింటాండానని అనుకుంటాంది ఇది. ఇస్తరాకు ముందర కూచున్నోళ్ళు మధ్యలో లేస్తారా?"

కారు వైరుతో పాటు పరుగెత్తి గోడలోని ప్లగ్గు ఊడబెరుకుతుందని, చార్జింగ్‌లో ఉండగా కదలకుండా ఏర్పాటు చేసి ఉంచారట. అక్క దిగి, కారు పట్టుకుంటూ పక్కకు వచ్చి, ఇస్త్రీ చీరతోనే మట్టిలో కూర్చుని, వైరు పెట్టే చోటి మూత తీసింది. లోపలంతా పసుపు! మధ్యలో ఇంత కుంకుమ. వైరు పెడితే లోపలికి పోయి, తీస్తే బయటికి వచ్చే శనగగింజంత బొత్తాం ఒకటి ఆ పసుపులో కూరుకుపోయి గట్టిగా బిగుసుకుంది.

ఆయుధపూజ నాడు అమ్మ చేసిన పని అది. దున్నే మడకకు కర్రుకు పూస్తాం, రోలుకు అంచుకు పూస్తాం. ఈ బండికి ఎక్కడ పూయాలి? తిండి తినే నోటికి పూయాలి కదా అనుకుని బొటనవేలితో అదిమి అదిమి పూసింది.

"అయిందా నీ భక్తి!" అని నాయన గొంతు లేచింది. అమ్మ కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"అమ్మనేమీ అనద్దు నాయనా. నోటికి పూజ చేసింది, తప్పేముండాది?" అంది అక్క. "అమ్మా, నీ పిన్నీసు తీసుకోని ఇట్ల రా. నువ్వు పూసింది నువ్వే తీయల్ల."

అమ్మ పక్కనే కూలబడి పిన్నీసుతో గీకింది. అక్క ఊదింది. కాసేపటికి బొత్తాం టిక్కుమని పైకొచ్చింది. అక్కను చూస్తే నాకు కడుపు నిండిపోయింది. కారు ఒక్కటే కాదు, అమ్మ మనసు కూడా బాగుచేసింది మహాతల్లి!

నేను పక్కన ఎక్కాను. వెనక తోయడానికి చేతులు ఆనించిన మగవాళ్ళు ఆనించినట్టే ఉన్నారు. చప్పుడు లేకుండా కారు ముందుకు జారిపోయేసరికి ఒకరి మీద ఒకరు పడ్డారు. "యాడికి పోయిందప్పా!" అన్న కేక మాకు మలుపు దాకా వినిపించింది.

హిందూపురంలో ఇన్‌స్పెక్టరు తిప్పమన్నట్టల్లా తిప్పింది, ఆపమన్నచోట ఆపింది. "పాసైనావు పోమ్మా" అన్నాడాయన. తిరిగి వస్తుంటే మా ఊరి మలుపు వచ్చింది. అక్క తిప్పలేదు.

"అక్కా, మన దావ ఎనకే పోయిందే! ఏమన్నా పనుండాదా?"

"లేదే."

"మరి యాడికి పోతాండాం?"

"యాడికీ లేదు. ఊరికే."

అప్పటిదాకా అక్క బయటికి పోవాలంటే ఎవరో ఒకరిని అడగాలి. అడగాలంటే ఏదో ఒక పని చెప్పాలి. పనేమీ లేకుండా ఆమె ఇల్లు దాటి పోవడం అదే మొదటిసారి. ఇంకేమీ అడక్కుండా నా వైపు అద్దం దించాను.