తొమ్మిది సెంటీమీటర్ల తేడా

నీటి మట్టం చూపే కొలబద్ద చదివే ముందు ఆయన మూడు అలలను పోనిస్తాడు. అల వెళ్లినప్పుడల్లా ఒక వేలు మడుస్తాడు. అప్పుడు అంకె రాసుకుంటాడు. రేవులో పదకొండేళ్లుగా ఇదే పని. సముద్రపు అడుగును కొలిచే పడవ తను కొలిచిన లోతులోంచి ఆ అంకెను తీసేసి అసలు లోతు తేలుస్తుంది.

ఈసారి పడవతో ఒక ఇంజనీరమ్మ వచ్చింది. ఉపగ్రహాల సంకేతాలతో ఎత్తు చెప్పే పరికరాన్ని, ఎత్తు ఎంతో ముందే లెక్కకట్టి గట్టు మీద పాతిన ఇత్తడి గుర్తుపై రోజంతా ఉంచింది. సాయంత్రం తెర వైపు చాలాసేపు చూసింది.

"ఏమంటోందమ్మా?"

"ఈ గుర్తు రికార్డులో ఉన్న ఎత్తు కన్నా తొమ్మిది సెంటీమీటర్లు కిందుంది, బాబాయ్‌గారూ. మీ కొలబద్ద నీళ్లను అంత ఎక్కువ చూపిస్తోంది."

సొంత పడవ నడుపుకునే బావమరిది పక్కనుంచి నవ్వాడు. "పదకొండేళ్ల చాకిరీ నీళ్లపాలేనన్నమాట, బావా."

"నువ్వు ముందు లంగరు సంగతి చూడు."

ఆయనకు కోపం రాలేదు. ఎక్కడ తప్పిందో చూడాలనిపించింది. ఏటా కొలబద్దను ఆ గుర్తుతోనే సరిచూసేవాడు. ఎప్పుడూ తేడా రాలేదు. రెండూ ఒకే గట్టుకు బిగించి ఉన్నాయి. గట్టు దిగితే రెండూ కలిసే దిగుతాయి.

"ఇన్నాళ్లూ దొంగకు దొంగనే సాక్ష్యం అడిగాను" అన్నాడు.

"ఎప్పుడు దిగిందో తెలియకపోతే మీ అంకెలన్నీ పక్కన పెట్టాల్సిందే" అందామె.

ఆయన అంకెలు రాసిన పుస్తకాలన్నీ దించాడు. నెల సగటులు వరసగా చూశాడు. ఏడో ఏట ఒక నెలలో సగటు పైకి జరిగింది. మళ్లీ దిగలేదు. సముద్రం పెరిగిందని అప్పుడు పైవాళ్లకు ఉత్తరం కూడా రాశాడు.

బావమరిది తొంగిచూశాడు. "ఆ నెలేగా గట్టు మీద పెద్ద క్రేను నిలబెట్టింది?"

"నీకెలా గుర్తుందిరా?"

"నా పడవ కట్టుకునే చోటు పోయింది బావా. మర్చిపోతానా?"

ఇంజనీరమ్మ ముఖం విప్పారింది. "అయితే ఆ బరువుకే గట్టు దిగింది. ఆ నెల నుంచి తొమ్మిది తీసేస్తే చాలు. అన్నీ పనికొస్తాయి."

"ఒక్క పరికరం మాట మీద తీసెయ్యకూడదమ్మా. లైట్‌హౌస్ కింద బండ మీద ఇంకో గుర్తుంది. అది గట్టుతో దిగేది కాదు."

మర్నాడు పొద్దున్నే ఎత్తుల తేడా కొలిచే లెవెల్ పరికరం భుజాన వేసుకుని ఆ బండ దగ్గరికి వెళ్లాడు. బావమరిది కొలతకర్ర పట్టుకున్నాడు. బండ నుంచి గట్టు దాకా కొలుచుకుంటూ వచ్చారు. గట్టు గుర్తు పాత ఎత్తులోంచి కొత్త ఎత్తును తీసి చూశాడు. తొమ్మిది. అయినా పుస్తకం తెరవలేదు; తిరుగు కొలతలోనూ అదే రావాలి. గట్టు నుంచి బండ దాకా మళ్లీ కొలుచుకుంటూ వెనక్కి నడిచారు.