మనిషి ఎట్లున్నడు?

సోమవారం పొద్దున్న ఆఫీసు లిఫ్టులో ఉండగా ఫోనొచ్చింది. మా సార్ పోయారట. గోపన్‌పల్లిలో ఇంట్లోనే, ఆఫీసుకు తయారవుతూ కుప్పకూలిపోయారట. "ఏ సార్?" అని అడిగాను. మతిపోయి అడిగానే తప్ప, మాకున్నది ఒక్కరే సార్.

ఇళ్ళలో వాడే ఆక్సిజన్ మిషన్ల మీద ఫిర్యాదులు విని రాసుకోవడం మా పని. రాసినదాన్ని పరిశీలించి సంతకం పెట్టడం ఆయన పని. మా ఫారంలో మొదటి గడి మిషన్ నంబరుది. దాన్ని ముందు నింపితే ఆయన ఊరుకునేవారు కాదు. "మిషన్ యాడికి పోతది? మనిషి ఎట్లున్నడో ముందుగాల అడుగు," అనేవారు.

పోయిన నెల నిజాంపేట నుంచి ఒకావిడ, తన భర్త వాడే మిషన్‌లో అలారం మోగలేదని ఫిర్యాదు చేసింది. తెప్పించి చూస్తే శుభ్రంగా మోగింది. "లోపం లేదు" అని రాసి, దర్జాగా ఫైలు ఆయన ముందు పెట్టాను. సంతకం పెట్టలేదు. "మన గదిల మోగుతది. ఆమె ఇంట్ల ఏం చప్పుళ్ళున్నయో అడిగినవా?" అన్నారు. నాకు ఒళ్ళు మండింది. ఆయనే ఫోన్ చేసి కనుక్కున్నారు. ఆ ఇంట్లో కూలర్ వేస్తే అలారం వంటగదిలోకి వినబడదు. నేను రాసింది కొట్టేయించి, "అలారం చప్పుడు చాలదు" అని నాచేతే రాయించారు. ఆ తర్వాత ప్రతి వారం ఆవిడకు ఫోన్ చేసి ఆమె భర్త ఎలా ఉన్నాడో అడిగేవారు.

శుక్రవారం మధ్యాహ్నం ఆ ఫైలే చివరి సంతకానికి తీసుకెళ్ళాను. ఏసీ గదిలో ఆయన ముఖమంతా చెమట. ఎడమ భుజం నొక్కుకుంటున్నారు. "గ్యాసమ్మా, ఫికర్ లేదు," అన్నారు, నేను అడక్కుండానే. నేనేం చేశానో తెలుసా మీకు? కాగితం ముందుకు జరిపి, "ఇక్కడ సార్," అన్నాను. సంతకం వంకరగా పడింది. అది మాత్రం నా కంటబడింది. ఛీ, నేనూ ఒక మనిషినేనా!

అలారం చప్పుడు పెంచుతున్నారని చెప్పడానికి మంగళవారం నిజాంపేట ఆవిడకు ఫోన్ చేశాను. సార్ ఆఫీసు నుంచి అని అన్నానో లేదో, ఆవిడే అందుకుంది.

"సారు ఎట్లున్నడమ్మా? పోయిన వారం మాట్లాడుకుంటనే ఆయాసపడ్డడు. దవాఖానకు పో సారూ అని చెప్పిన. పోయిండా?"

అవతల కూలర్ హోరు వినబడుతోంది.

"హలో, అమ్మా! ఇనబడుతుందా?" అంటోంది ఆవిడ.