ఆర్డిస్‌కి పడిన నూట ముప్ఫై ‘ఫర్వాలేదు’లు

ఆర్డిస్ టోల్ఫ్‌సన్ చిటికెడు మట్టి నాలుక మీద వేసుకుందంటే, కిందటేడు ఆ పొలం మీదుగా ఎవరి ఆవు నడిచిందో, అది ఏ కాలు కుంటిందో కూడా చెప్పేస్తుంది. మొదట నేనూ నమ్మలేదు. తర్వాత ఆవే ఒప్పుకుంది.

ఉత్తర డకోటాలో మా మూలనున్న విశ్వవిద్యాలయంలో ఆమె ఇరవై రెండేళ్లుగా మట్టి గురించి పాఠాలు చెబుతోంది. నేను ఆమె దగ్గర ఏడు వారాలు చదివి కాలేజీని వదిలేశాను. ఆ దెబ్బ నుంచి కాలేజీ ఇంకా కోలుకోలేదు. తడిమట్టిని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నొక్కుతూ రిబ్బనులా సాగదీయమనేది. అందరి రిబ్బన్లూ సాగేవి, నాది తెగేది. “మట్టి మంచిదే, వెర్న్. నీ వేళ్లకే తొందరెక్కువ” అనేది.

ఏ రైతైనా తెల్లారకముందే ఫోన్ చేసి, పొలంలో ఉప్పు పేరుకుంటోందంటే చాలు, తలుపుకి తాడు కట్టిన తన పాత ట్రక్కులో బయల్దేరేది. అలా తిరగడంతో పరిశోధన పత్రాలు పెద్దగా రాయలేదు. పూర్తి ప్రొఫెసర్ హోదాకి, దాంతో వచ్చే జీతం పెంపుకి, రెండుసార్లు దరఖాస్తు పెట్టింది. రెండుసార్లూ తిరిగొచ్చింది. ఇది మూడోసారి. మా దగ్గర నాలుగోసారి అడగనివ్వరు.

కమిటీ ముందు పాత విద్యార్థి ఒకరు మాట్లాడవచ్చని నియమం. అక్టోబరులో చక్కెర దుంపలు తవ్వే రోజులవి, ఊరంతా పొలాల్లో ఉంది. కాలికి పిండికట్టుతో ఖాళీగా ఉన్నది నేనొక్కణ్ణే. అలా ఆర్డిస్ భవిష్యత్తు నా నోటికి చిక్కింది.

లోపల కమిటీవాళ్లు ఐదుగురు కూర్చున్నారు. పెద్దకుర్చీలో కొత్త డీన్ పెంబర్టన్. ఫిలడెల్ఫియా నుంచి వచ్చి రెండు నెలలైంది. విద్యార్థులు నింపిన అభిప్రాయ పత్రాల కట్టను బల్ల మీద పడేశాడు.

“నూట ముప్ఫై మంది రాశారు. అందరిదీ దాదాపు ఒకటే పాట. ‘ఫర్వాలేదు’. కొందరు ఇంకాస్త శ్రమపడి ‘ఇంతకంటే అధ్వాన్నంగా చెప్పేవాళ్లున్నారు’ అన్నారు. ఈవిడకి హోదా పెంచమని నేనెలా సంతకం పెట్టను?”

నాకు నవ్వాగలేదు. “డీన్ గారూ, మా అమ్మానాన్నల పెళ్లయి నలభై ఒక్క ఏళ్లు. ఇన్నేళ్లలో మా నాన్న ఆవిడతో ప్రేమగా అన్న మాట ఒక్కటే. ‘నువ్వు ఫర్వాలేదు’ అన్నాడు. మా అమ్మ కొట్టంలోకి పోయి ఏడ్చింది, సంతోషంతో.”

“కోతలు కోస్తున్నావు.”

“నా పనే అది. కానీ ఇది కోత కాదు. మా వాళ్లు ఇంతకు మించి పొగడరండి, పొగిడితే పక్కవాళ్లు డాక్టరుకి ఫోన్ చేస్తారు.”

“మరి నచ్చకపోతే ఏమంటారు?”

“‘అదోరకంగా ఉంది’ అంటాం.”

డీన్ ముఖం వాడిపోయింది. మెల్లగా అడిగాడు. “సెప్టెంబరులో నా తొలి ప్రసంగం అయ్యాక చాలామంది చేయి కలిపి ఆ మాటే అన్నారు. అంటే...?”

“అంటే అదేనండి.”

ఎవరూ నవ్వలేదు. మా వాళ్ల మర్యాద అలాంటిది. కిటికీలోంచి బయటికి చూశారు.

“సరే, ఈ కట్టలో ‘అదోరకం’ అన్న మాట ఒక్కచోట కనిపించినా నేను లేచి వెళ్లిపోతాను. చూడండి” అన్నాను.

ఆయన చూశాడు, మంచివాడు పాపం, నూట ముప్ఫై కాగితాలూ ఒక్కొక్కటిగా చూశాడు. ఎక్కడా లేదు. చివరికి మూలనున్న హాల్వర్ బ్రెక్కె వైపు తిరిగాడు. ఆ ముసలాయన పంతొమ్మిదేళ్లుగా కమిటీలో ఉన్నాడు. కాఫీ అడగడానికి తప్ప నోరు తెరిచిన దాఖలా లేదు.

“మీరేమంటారు ప్రొఫెసర్ బ్రెక్కె?”

హాల్వర్ కప్పు కింద పెట్టాడు. “ఆర్డిసా?” అని చాలాసేపు ఆలోచించాడు. “చాలా ఫర్వాలేదు.”

పక్కన కూర్చుని అంతా రాసుకుంటున్న గుమస్తా పెన్ను జారిపోయింది. ‘చాలా’ అన్న మాట ఆ గదిలో అంతకుముందు ఎవరూ వినలేదు. డీన్ మిగతా నలుగురి ముఖాలూ చూసి, తన చెయ్యి తానే ముందు ఎత్తాడు. ఐదుకి ఐదు.

ఆ సాయంత్రం ఆర్డిస్, ఇప్పుడు పూర్తి ప్రొఫెసర్ ఆర్డిస్, మెట్లు దిగి వస్తుంటే రోడ్డు మీద నలభై దుంపల లారీలు ఆగిపోయాయి. అన్నీ ఒక్కసారిగా హారన్ కొట్టాయి. డ్రైవర్లు టోపీలు తీశారు, దుంపలు సైతం దొర్లి దొర్లి ఆమె కాళ్ల దగ్గరికొచ్చాయి. మర్నాడు కాఫీ హోటల్లో ఇదంతా నేను నలుగురికీ చెబుతుంటే, పక్క బల్ల దగ్గర కూర్చున్న ఆర్డిస్ చివరిదాకా విని కప్పు దించింది.

“రెండు లారీలు,” అంది. “రెండోది నా ట్రక్కు అడ్డం తియ్యమని హారన్ కొట్టింది.”