ఎకరానికి నూరు గుంటలు

తెలంగాణ వచ్చిన మూడేళ్లకు, వానకాలంలో, నల్లగొండ జిల్లాలో హైవే పక్కనున్న ఒక మండలం తహసీల్దార్ ఆఫీసుకు నన్ను సీనియర్ అసిస్టెంటుగా బదిలీ చేశారు. హోదాలో డిప్యూటీ తహసీల్దారుకు కింద, జూనియర్ అసిస్టెంటుకు పైన. అప్పటిదాకా నా సర్వీసంతా జిల్లా కేంద్రంలో టైపు సెక్షన్‌లోనే గడిచింది. టైపు మిషన్లు పోయి కంప్యూటర్లు వచ్చినప్పుడు తోటివాళ్లు మొహం చిట్లించుకుంటే నేను మురిసిపోయాను. ఏ మీట నొక్కితే ఏమవుతుందో చూడకపోతే నాకు తిన్నది అరగదు. ఆఫీసు మిషను మూలుగుతూ నడుస్తుందని సొంతంగా ల్యాప్‌టాప్ కొనుక్కున్నాను. మా ఆవిడ దాన్ని సవతి అనేది.

ఆ ఏడు ఊరూరా భూముల రికార్డులు సరిచూసే పని నడుస్తోంది. ప్రతి సర్వే నంబరుకు మొదట కొలిచిన విస్తీర్ణం సేత్వార్ అనే పాత దస్తరంలో ఉంటుంది. ఆ నంబరులో ఎవరికెంత ఉందో పహాణీలో ఉంటుంది. పహాణీలోని వాటాలన్నీ కలిపితే సేత్వార్‌కు సరిపోవాలి. సరిపోతే కొత్త పాస్‌బుక్కు వస్తుంది. సరిపోకపోతే ఆ నంబరు తేడాల జాబితాకు పోయి, విచారణ తేలేదాకా పాస్‌బుక్కు ఆగుతుంది. వీఆర్వోలు, అంటే గ్రామ రెవెన్యూ అధికారులు, ఈ కూడికలు పెన్నుతో చేస్తున్నారు. ఒక్కో ఊరికి వారం పడుతోంది.

నాకు చేతులు దురద పెట్టాయి. స్ప్రెడ్‌షీట్‌లో పట్టిక తయారుచేశాను. రెండెకరాల పది గుంటలను పహాణీలో 2.10 అని చుక్క పెట్టి రాస్తారు. నేనూ అట్లాగే ఎక్కించాను. వాటాలు వాటంతటవే కలిసి, సేత్వార్‌తో తేడా వస్తే ఆ వరుస ఎర్రబడేట్టు ఫార్ములా రాశాను. పరీక్షకు నాలుగైదు నంబర్లు తీసుకున్నాను. అన్నీ ఒకరిద్దరి పేర్ల మీదున్న పెద్ద కమతాలు. అన్నీ సరిపోయాయి. తహసీల్దార్ మేడమ్ వచ్చి, నిలబడి చూసి, మిగతా ఊళ్లకూ ఇదే వాడమన్నారు. ఆ రోజు నా కాళ్లు నేల మీద ఆనలేదు.

కొద్ది రోజుల్లో మూడు ఊళ్ల జాబితాలు పంచాయతీ గోడలకు అంటించాం. ఎర్రబడ్డవి చాలానే ఉన్నాయి. ఇన్నెట్లా వచ్చాయని ఒక వీఆర్వో గొణిగాడు. అవన్నీ అన్నదమ్ములు పంచుకున్న చిన్న చిన్న ముక్కలు, వాళ్లలో పంచాయితీలూ తప్పుడు రాతలూ మామూలే కదా అని నేనే సర్దిచెప్పాను.

జాబితా అంటించిన నాలుగో రోజు యాదమ్మ వచ్చింది. నలభై ఏళ్లుంటాయి, ఊరి బడిలో మధ్యాహ్న భోజనం వండుతుంది. భూమి లేని కుటుంబమని ఆమె తండ్రికి ప్రభుత్వం ఒకప్పుడు మూడెకరాలు లావోణి పట్టా ఇచ్చింది. ఆయన పోయాక విరాసత్‌లో, అంటే వారసుల పేర్లు ఎక్కించినప్పుడు, తల్లికి, ఇద్దరన్నలకు, ఆమెకు సమానంగా రాశారు. మా జాబితాలో ఆ వాటాలన్నీ కలిపి ఎకరం ఇరవై గుంటలే ఉంది. అన్నలు అది చూపించి, ఉన్నదే ఎకరన్నర, ఇందులో ఆడపిల్లకు వాటా ఎక్కడిదన్నారట. పొలంలో అడుగు పెట్టొద్దన్నారట.

మిషను కూడిన లెక్క అది, విచారణకు పిలిచినప్పుడు రమ్మని చెప్పాను. ఆమె కదల్లేదు. ఆ లెక్క ఒకసారి చూపించమన్నది. ల్యాప్‌టాప్ ఆమె వైపు తిప్పాను. నాలుగు పేర్లు, ఒక్కో పేరు ఎదురుగా 0.30, కింద 1.20.

“ముప్పై గుంటలు, ముప్పై గుంటలు గలిస్తే ఎకరన్నర. గింకో ముప్పై, ముప్పై గలిస్తే మల్ల ఎకరన్నర. మూడెకరాలైతది గద సారూ” అన్నది. తెర వంక ఇంకాసేపు చూసి అడిగింది: “మీ మిషన్ల ఎకరానికి ఎన్ని గుంటలు?”

ఎకరానికి నలభై గుంటలని తెలియనివాడు మా ఆఫీసులో ఎవడూ లేడు, నాతో సహా. ఆ ముక్క మిషనుకు చెప్పడం మరిచిపోయాను. దానికి చుక్క తర్వాత నూరైతే గానీ ఒకటి కాదు. సిగ్గేసింది. అంత సిగ్గులోనూ, నిజం చెప్పాలంటే, కుతూహలం ఆగలేదు. ఆమెను కుర్చీలో కూర్చోబెట్టి ఒక్కో నంబరూ తెరిచి చూశాను. గుంటలు కలిపితే నలభై లోపున్న చోట కూడిక సరిగ్గానే ఉంది. నలభై అయిన చోట, దాటిన చోట తప్పుతోంది. ముక్కలు ఎక్కువైతేనే గుంటలు నలభై దాటుతాయి. ఒకే పేరు మీదున్న ఇరవై ఎకరాల నంబరులో కలపడానికే ఏమీ ఉండదు. నా పరీక్ష ఎన్నిసార్లు చేసినా నెగ్గేదే.

మేడమ్ దగ్గరికి పోయి ఉన్నదున్నట్టు చెప్పాను. ఆమె అరవలేదు. జాబితాలు ఇంకా పై ఆఫీసుకు పోలేదు కాబట్టి సరిచేసుకోవచ్చని, అయితే సంజాయిషీ రాసివ్వాలని, ఊళ్లలో కూడా నేనే పోయి చెప్పాలని అన్నారు. రిటైర్మెంటుకు దగ్గరపడ్డ నాకు రెండూ చేదుగానే ఉన్నాయి. రాసిచ్చాను. ఎకరాలకొక గడి, గుంటలకొక గడి పెట్టి, అంతా గుంటల్లోకి మార్చి కూడి, నలభైతో భాగించేట్టు ఫార్ములా తిరగరాశాను. ఎర్ర వరుసల్లో చాలామటుకు తెల్లబడ్డాయి. నిజంగా తేడా ఉన్నవి కొన్ని మిగిలాయి.

యాదమ్మ ఊళ్లో పంచాయతీ ముందు పాత కాగితం చించేసి కొత్తది చదివాను. తప్పు పహాణీది కాదని, నేను చేసిన లెక్కదని చెప్పాను. వెనక నుంచి ఎవరో “సారుకు గుంటలు రావంట” అంటే అందరూ నవ్వారు. యాదమ్మ వాళ్ల నంబరు వచ్చినప్పుడు నాలుగు పేర్లూ విడివిడిగా, ముప్పై ముప్పై గుంటలని, మొత్తం మూడెకరాలని చదివాను. పెద్దన్న మళ్లీ చదవమన్నాడు. చదివాను. జాబితా విన్నట్టు సంతకాలకు పిలిస్తే యాదమ్మ అందరికంటే ముందొచ్చి తన పేరు ఎదురుగా సంతకం పెట్టింది.

రిటైరయ్యాక కూడా కొత్త సాఫ్ట్‌వేర్ ఏది కనపడినా తెరిచి చూస్తాను, ఆ జబ్బు పోలేదు. ఇప్పుడు మాత్రం దాన్ని అన్నిటికంటే చిన్న వాటాలతో పరీక్షిస్తాను. ఫార్ములాలో తప్పు ఒక్క పూటలో సరైంది. నా తప్పు అంతకంటే పాతది. చిన్న రైతుల వరుసలు అన్నేసి ఎర్రబడితే మామూలే అనుకున్నాను. ఇరవై ఎకరాల ఆసామి వరుస ఒక్కటి ఎర్రబడి ఉంటే, ఆ నిమిషమే ఫార్ములా తెరిచి చూసేవాణ్ని.