నాలుగు వేళ్ళ సందు

ఆ షెడ్ల వరసలో ఆమెని అందరూ వదిన అనే పిలుస్తారు. పక్క షెడ్డులో కార్ల కరెంటు పని చేసే మరిది మొదలుపెట్టిన పిలుపు అది. అతని నోటి నుంచి మెకానిక్కులకీ, రంగులు వేసేవాళ్ళకీ, చివరికి కార్లు తెచ్చే పెద్దమనుషులకీ పాకింది. ఆమె కన్నా ఇరవై ఏళ్ళు పెద్దాయన కూడా "వదినా, సీటు చిరిగిందమ్మా" అంటూ వస్తాడు.

వదిన పని కార్ల సీట్లు కుట్టడం, లోపల పైకప్పుకి అంటించే బట్ట మార్చడం. మిషను మొదట భర్తది. ఆయన మోకాలికి ఆపరేషనై మూణ్ణెల్లు మంచం దిగలేకపోతే, ఒప్పుకున్న పనులు ఆగకూడదని ఈవిడ వచ్చి కూర్చుంది. ఆయన కోలుకుని వచ్చి చూసి, కుట్టు తనదాని కన్నా తిన్నగా ఉందని ఒప్పుకుని, వేరే ఉద్యోగం వెతుక్కున్నాడు. అది జరిగి ఇరవై రెండేళ్ళు. కొలతల టేపు ఆమె మెడలో వేలాడుతూ ఉంటుంది గానీ, బట్ట మందం చూడ్డానికి మాత్రం ఆమె ఏ సాధనమూ వాడలేదు. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి ఒక్కసారి నలిపితే, వెనకనున్న ఫోమ్ ఎంత మందమో చెప్పేసేది. బట్ట అమ్మే దుకాణంవాడు కూడా ఆమెతో వాదించడం ఎప్పుడో మానేశాడు.

ఒక సోమవారం ఎండెక్కాక తెల్ల కారొకటి షెడ్డు ముందు ఆగింది. నడుపుతున్నది ఒక నర్సు. పక్క సీట్లో వాళ్ళమ్మ, కారు లోపలే గొడుగు విప్పుకుని కూర్చుని ఉంది.

"కారులో గొడుగేంటి పెద్దమ్మగారూ?" అంది వదిన నవ్వాపుకుంటూ.

"నవ్వమ్మా, నవ్వు. పైన కిటికీ ఉన్న కారని మా అమ్మాయి మురిసిపోయి కొంది. అది నిన్నటి నుంచి మూసుకోవడం మానేసింది. నా నడినెత్తి మాడిపోతోంది" అంది పెద్దావిడ.

నర్సు మీట నొక్కి చూపించింది. సన్‌రూఫ్ అద్దం వెనక నుంచి మెల్లగా ముందుకొచ్చింది. ఇంక మూసుకుంటుందనగా, నాలుగు వేళ్ళ సందు ఉండగా ఆగింది. ఒక క్షణం ఆలోచించినట్టు ఆగి, చక్కా వెనక్కి వెళ్ళిపోయింది. మళ్ళీ నొక్కితే మళ్ళీ అంతే.

"పది రోజుల కింద మీరే కదా పైబట్ట మార్చారు..." అంటూ నర్సు మాట మధ్యలో ఆపేసింది.

ఆ ఆపేసిన మాటే వదినకి గుచ్చుకుంది. ఆ రోజు కారు ఇచ్చేముందు అద్దం తెరిచి, మూసి, చూసుకునే ఇచ్చింది. వెన్నలా కదిలింది. ఇప్పుడేమైనట్టు?

మరిదిని కేకేసింది. అతను చేతులు తుడుచుకుంటూ వచ్చి, కారుని షెడ్డు లోపల నీడలో పెట్టించి, విషయం వివరించాడు. "ఈ అద్దానికి కాస్త భయమెక్కువ. మూసుకునేటప్పుడు ఏదైనా అడ్డం తగిలితే, ఎవరి చెయ్యో ఇరుక్కుందనుకుని వెనక్కి పోతుంది. అందుకోసమే అలా చేస్తారు. ఇప్పుడు దీనికి ఏదో అడ్డముందని అనుమానం."

"అడ్డం ఏముంది?"

"ఏమీ లేదు. అందుకే కరెంటు లోపం."

ఫ్యూజు చూశాడు. మీట విప్పాడు. మోటారు బయటికి తీసి, చెవి దగ్గర పెట్టుకుని తిప్పాడు. ఈలోగా వదిన అద్దం జారే పట్టాలు గుడ్డతో తుడిచింది. రెండు ఎండుటాకులు, ఒక హెయిర్‌పిన్ను దొరికాయి. గంట తరవాత అన్నీ బిగించి నొక్కితే, అద్దం వచ్చి టక్కున మూసుకుంది.

"మోటారుకి బుద్ధి చెప్పాను" అన్నాడు మరిది.

"హెయిర్‌పిన్ను" అంది వదిన.

ఏదైతేనేం, తల్లీకూతుళ్ళు గొడుగు ముడుచుకుని వెళ్ళిపోయారు. మధ్యాహ్నం రెండు కాకుండానే మళ్ళీ వచ్చారు. గొడుగు విప్పే ఉంది.

ఈసారి మరిది వైర్లన్నీ తిరగేశాడు. అద్దం ఎక్కడిదాకా రావాలో మోటారుకి మొదట్నుంచీ నేర్పాడు. సాయంత్రానికి మూసుకుంది. ఒకసారి కాదు, పదిసార్లు తెరిచి మూశారు. మంగళవారం పదకొండింటికి నర్సు ఫోను చేసింది: "హాస్పిటల్లో పెట్టాను వదినగారూ. మళ్ళీ మొదలు."

మరిది తల పట్టుకున్నాడు. "నా ముందు మంచిపిల్లలా ఉంటుంది. వాళ్ళ దగ్గరికెళ్ళి పేచీ పెడుతుంది. కారుకి కూడా మనుషుల బుద్ధులొచ్చాయా వదినా?"

"మనం ఏదో చూడట్లేదు."

"నేను చూడనిది ఏముంది అందులో? సీటు కింద వైర్లు కూడా చూశాను!"

"నా బట్ట వల్ల కాదు కదా?"

"బట్టకీ మోటారుకీ సంబంధమేంటి? నువ్వు కుట్టింది ఎప్పుడైనా తప్పు పోయిందా?"

ఆ మాటతో ఆమెకి ధైర్యం రావాలి. రాలేదు. తప్పు తనదైతే తనకి తెలిసేది. తెలియట్లేదు కాబట్టి తనది కాదు. మరి మరిదిదీ కాదు. కారుదీ కాదు. ఎవరిదీ కాని తప్పు పదేపదే ఎలా జరుగుతోంది? మిషను ముందు కూర్చుని అదే ఆలోచిస్తూ, ఒకే సీటుకి ఒకే పక్క రెండుసార్లు కుట్టి, విప్పదీసుకుంది.

బుధవారం నర్సు వచ్చేసరికి వదిన చెప్పులేసుకుని తయారుగా ఉంది. "నేనూ మీతో వస్తాను. అది ఎక్కడ మొండికేస్తోందో అక్కడే చూస్తాను." భుజాన సంచీలో బ్లేడు, జిగురు డబ్బా, తన దగ్గరున్న బట్ట ముక్కలు పెట్టుకుంది.

నర్సుకి ఆరోజు మధ్యాహ్నం డ్యూటీ. పెద్దావిడ కూడా బయల్దేరింది. ఈ సంగతి తేలేదాకా కారుని వదలనని ఆవిడ పంతం.

హాస్పిటల్ వెనక కార్లు నిలిపే చోట చెట్టు లేదు, కప్పు లేదు. నిప్పులు చెరిగే ఎండ. అద్దాలు ఎత్తి, బయట గోడ నీడన నిలబడి ముప్పావు గంట కాచుకున్నారు. తరవాత తలుపు తీస్తే పొయ్యి మూత తీసినట్టయింది. నర్సు అద్దం తెరిచి, మూయబోయింది. నాలుగు వేళ్ళ సందు. ఆగింది. వెనక్కి పోయింది.

వదిన ఈసారి అద్దాన్ని చూడలేదు. అద్దం కింద, ఎండ పడకుండా దాంతోపాటే జరిగే పలక ఒకటి ఉంటుంది. దానికీ తనే బట్ట అంటించింది. ఆ పలక మీద అరచెయ్యి పెట్టి, "నొక్కు" అంది. పలక కదులుతుంటే చిన్నగా జరజరమన్న చప్పుడు వినిపించింది. పది రోజుల ఎండకి జిగురు పట్టు సడలి, అంచుల దగ్గర బట్ట వేడెక్కినప్పుడల్లా ఉబ్బి, ఇరుకు గాడిలో ఈడ్చుకుంటూ వస్తోంది. షెడ్డులో చల్లారాక మామూలైపోతోంది. మరిది గంటల తరబడి చేసిన మరమ్మతంతా కారు నీడన చల్లారడమే!

బ్లేడుతో అంచున వేలెడు ముక్క కోసింది. సంచీలోంచి తను ఎప్పుడూ వాడే రకం బట్ట ముక్క తీసింది. రెండూ చెరో చేత్తో పట్టుకుని నలిపింది. తేడా లేదు. చేతులు మార్చింది. తేడా లేదు.

"రెండూ ఒకటే. మరెందుకు ఉబ్బింది?" అంది తనలో తనే.

పెద్దావిడ చెయ్యి చాపి రెండు ముక్కలూ తీసుకుంది. "ఒకటే ఏంటమ్మా? ఇది దుప్పటిలా ఉంది, ఇది జేబురుమాల్లా ఉంది."

వదిన నవ్వబోయింది. ఆవిడ నవ్వట్లేదు. ముక్కలు వెనక్కి తీసుకుని పక్కనుంచి కళ్ళకి దగ్గరగా పెట్టి చూసింది. నిజమే. కారులోంచి కోసిన ముక్క ఫోమ్ రెండింతలుంది. కళ్ళు రెండింతలంటున్నాయి, వేళ్ళు ఒకటే అంటున్నాయి. ఇంతకాలం తను నమ్మింది వేళ్ళని. మళ్ళీ నలిపింది. మళ్ళీ చూసింది.

"నాకు మతి పోతోందా నర్సమ్మా?"

నర్సు ఆమె మొహం చూసి, మీట వదిలేసి వచ్చింది. "ఇలా కూర్చోండి. కుడిచెయ్యి ఇవ్వండి. కళ్ళు మూసుకోండి. నేను మీ వేలు తాకినప్పుడల్లా చెప్పండి."

వదిన కళ్ళు మూసుకుంది. ఎక్కడో ఒక తలుపు పడిన చప్పుడైంది. పెద్దావిడ గొడుగు కిర్రుమంది. ఎదురుచూసి ఎదురుచూసి, "ఇంకా మొదలుపెట్టలేదా?" అంది.

నర్సు మెల్లగా, "ఆరుసార్లు తాకాను వదినగారూ" అంది.

కళ్ళు తెరిస్తే నర్సు చేతిలో మడిచిన కాగితం మొన ఉంది, సరిగ్గా ఆమె చూపుడువేలి మీద.

ప్రశ్నలు అప్పుడు మొదలయ్యాయి. తెల్లారి లేచేసరికి చేతులు తిమ్మిరిగా ఉంటున్నాయా? ఉంటున్నాయి. సూది జారిపోతోందా? పోతోంది, జిడ్డనుకుంది. కప్పు పట్టుకుంటే వేడి తెలియట్లేదా? కప్పు పట్టుకోగానే కాఫీ చల్లారిపోయిందని నెలన్నరగా భర్తతో గొడవ పడుతోంది!

"మణికట్టు దగ్గర నరం నలుగుతున్నట్టుంది. ఏళ్ళ తరబడి కత్తెర పట్టుకుని మందపాటి బట్ట కోసేవాళ్ళకి వస్తుంటుంది. డాక్టరుగారు చూస్తేగానీ ఖాయంగా చెప్పలేను. పదండి, ఇప్పుడే చూపిద్దాం" అంది నర్సు.

"ముందు కారు" అంది వదిన.

"కారు ఎక్కడికీ పోదు."

"మూసుకోకుండా నేను ఎక్కడికీ రాను."

పెద్దావిడ తగువు తీర్చింది. "అమ్మాయ్, ఆవిణ్ణి ఆ పీడ వదిలించుకోనీ. లేకపోతే డాక్టరు ఏం చెప్పినా ఆవిడ చెవికెక్కదు."

మర్నాడు పొద్దున్న షెడ్డులో పలక ఊడదీశారు. జరిగింది విన్న మరిది జోకు వెయ్యబోయి మానేశాడు. చివరికి కొత్త బట్ట చుట్టలన్నీ అతనే ఒక్కొక్కటిగా తీసి, ఇనప స్కేలు పెట్టి చూసి, పల్చటి దాన్ని ఆమె ముందు పెట్టాడు. "దుకాణంవాడు చుట్ట మార్చి ఇచ్చినట్టున్నాడు."

"వాడు మారిస్తే నేను పట్టుకోవాలి కదరా" అంది వదిన. మరిదిని ఆమె రా అనడం, అతను వయసుకొచ్చాక అదే మొదటిసారి. అతను తప్పుపట్టలేదు.

జిగురు ఆరాక కారుని నడివీధిలో ఎండలో పెట్టి, మధ్యాహ్నమంతా పావుగంటకోసారి తెరిచి మూశారు. అద్దం ఒక్కసారి కూడా జంకలేదు. పెద్దావిడ గొడుగు డిక్కీలో పడేసింది.

డాక్టరు నర్సు చెప్పిందే చెప్పాడు. వదిన రెండు మణికట్లకీ పట్టీలు కట్టుకుని, బరువైన కత్తెర పని మరిదికి అప్పగించింది. మూడు నెలలకి ఎడమచేతికి స్పర్శ పూర్తిగా తిరిగొచ్చింది. కుడిచేతి చూపుడువేలు మాత్రం ఒకరోజు చెబుతుంది, ఒకరోజు చెప్పదు. అందుకని ఆమె ఇప్పుడు ప్రతి బట్టనీ స్కేలుతో కొలుస్తుంది. కొలిచాక కూడా ఒకసారి నలిపి చూస్తుంది. రెండూ కలవని రోజు ఏది నమ్మాలో తెలియక కాసేపు ఊరికే కూర్చుండిపోతుంది. స్కేలే నిజమని తెలుసు. తెలిసినా మనసొప్పదు.

డాక్టరుకి చూపించుకున్న వారంలోనే ఆమె ఇంకో పని చేసింది. తన వేళ్ళు ఎప్పటినుంచి మొద్దుబారాయో తెలియదు కాబట్టి, ఆర్నెల్లలో తన దగ్గరికొచ్చిన కార్లవాళ్ళందరికీ వరసగా ఫోన్లు చేసింది. మీ పని సరిగ్గా ఉందా, ఏమైనా ఇబ్బందిగా ఉందా అని. చాలామంది బాగుందన్నారు. కొందరు అంత మర్యాదగా అడిగినందుకు కంగారుపడ్డారు. ఒక బ్యాంకు మేనేజరు మాత్రం ఎదురు ప్రశ్న వేశాడు.

"సీటు ఎడంపక్క కాస్త ఎత్తుగా ఉందా వదినా?"

"ఉండొచ్చండి. ఏమైనా తేడాగా ఉందా?"

"అయ్యో! నా నడుమే వంకర పోయిందనుకుని రెండు నెలలుగా నూనె రాయించుకుంటున్నానమ్మా!"

"రేపు పొద్దున్నే తీసుకురండి" అంది వదిన.